ఆకాశానికి ఖర్చు పెట్టినవాళ్లు

(ఖగోళశాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారి సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలు కూడా చాలామంది వచ్చారు. వాళ్లను ముందు వరసల్లోకి రమ్మని కోరుతున్నాను, ఎందుకంటే నేను చూపించబోయే ఫొటోల్లో కొన్ని వస్తువులు చాలా చిన్నవి.

ఇవాళ మీకు ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఉన్న ఒక మ్యూజియం గురించి చెబుతాను. దాని పేరు మ్యూజియో గెలీలియో. ఆర్నో నది ఒడ్డున పలాత్సో కస్తెల్లానీ అనే పాత భవనంలో ఉంటుంది. 1930లో తెరిచారు. చాలాకాలం సైన్సు చరిత్ర మ్యూజియంగానే పిలిచేవారు. 2010లో గెలీలియో పేరు పెట్టారు. పక్కనే ఉఫీజీ గ్యాలరీ ఉంది. బొమ్మలు చూడటానికి లోకమంతా అక్కడికి వస్తుంది. ఆ జనంలో కొంతమందైనా పక్క గుమ్మం ఎక్కితే బాగుండుననిపిస్తుంది నాకు.

మొదటి ఫొటో ఇది. నగిషీలు చెక్కిన దంతపు చట్రం, దాని మధ్యలో ఒక గాజుబిళ్ల. పగిలి ఉంది, చూశారా? ఈ బిళ్ల అడ్డుకొలత 38 మిల్లీమీటర్లు. గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చందమామలను కనిపెట్టిన దుర్భిణిలో ముందువైపు ఉన్న లెన్సు ఇదే. ఆ సంగతి 1610 జనవరిలో జరిగింది. దంతపు చట్రాన్ని 1677లో విట్టోరియో క్రోస్టెన్ అనే శిల్పి మెడిచీ ప్రభువుల కోసం చెక్కాడు. అంటే గెలీలియో పోయిన 35 ఏళ్లకు. ఇక దేన్నీ చూపించలేని పగిలిన గాజుకు ఒక రాజకుటుంబం ఇంత చట్రం ఎందుకు చేయించింది? దానికి జవాబు వెతకడమే ఇవాళ్టి ప్రసంగం.

మెడిచీలు మొదట వడ్డీవ్యాపారులు, బ్యాంకర్లు. ఆ డబ్బుతో పలుకుబడి సంపాదించారు, తర్వాత ఏలికలయ్యారు. 16వ శతాబ్దంలో టస్కనీ ప్రాంతానికి గ్రాండ్ డ్యూక్ అనే బిరుదు తెచ్చుకున్నారు. వంశం పాతది కాదు. పక్క రాజ్యాలవాళ్లు వీళ్లను కొత్త డబ్బు మనుషులుగానే చూసేవారు. అలాంటివాళ్లకు ఆకాశం బాగా పనికొచ్చింది. తమ ఏలుబడి గ్రహాల్లోనే రాసి ఉందని చెప్పుకోగలిగితే అంతకన్నా పాత వంశం ఇంకెక్కడుంటుంది? మొదటి గ్రాండ్ డ్యూక్ కొసిమోకి జూపిటర్ అంటే, అంటే మన గురుడంటే, ప్రత్యేకమైన అభిమానం. ఆయన భవనంలో జూపిటర్ పేరిట ఒక గదే ఉంది.

ఇప్పుడు ఈ పెద్ద వస్తువు చూడండి. మూడు మీటర్లకు మించిన ఎత్తు. ఒకదాంట్లో ఒకటి ఇమిడిన వలయాలు, మీద బంగారు పూత. దీన్ని ఆర్మిల్లరీ గోళం అంటారు. గ్రహాల, నక్షత్రాల గతులను చూపించే నమూనా ఇది. ఆంటోనియో సంతూచి అనే ఆస్థాన పండితుడు 1588లో మొదలుపెట్టి 1593లో పూర్తి చేశాడు. చేయించినవాడు ఫెర్డినాండో ప్రభువు. సరిగ్గా మధ్యలో భూమి ఉంది, దాని చుట్టూ విశ్వమంతా తిరుగుతుంది. కోపర్నికస్ పుస్తకం 1543లోనే వచ్చింది. సూర్యుణ్ణి మధ్యలో పెట్టే లెక్క అప్పటికే 45 ఏళ్ల పాతది. అయినా ప్రభువు ఇంట్లో భూమి మధ్యలోనే ఉంది. డబ్బు పెట్టినవాడికి కావలసింది తన హోదాకు తగ్గ విశ్వం. సంతూచి దాన్ని అద్భుతంగా చేసిపెట్టాడు. పనితనం వరకూ ఇంతకన్నా అందమైన ఖగోళ పరికరాన్ని నేను ఎక్కడా చూడలేదు. ఆ లోహాన్ని మలిచిన, కర్రను చెక్కిన చేతులకు కూడా ఇక్కడ ఒక నమస్కారం పెట్టుకుందాం.

సంతూచి కన్నా ముందు మెడిచీ కొలువులో ఇంకొకాయన ఉండేవాడు. ఇన్యాత్సియో దాంతి, క్రైస్తవ సన్యాసి. మొదటి కొసిమో ఈయన చేత శాంతా మారియా నోవెల్లా చర్చి ముందుగోడకు రెండు పరికరాలు బిగింపించాడు. ఒకటి 1572లో, మరొకటి 1574లో. సూర్యుడి గమనాన్ని కొలిచి, తప్పుతున్న క్యాలెండర్‌ను సరిచేయాలని ప్రయత్నం. ఆ దిద్దుబాటు జరిగితే ఘనత కొసిమోకి దక్కుతుంది. 1574లో కొసిమో చనిపోయాడు. కొడుకు ఫ్రాంచెస్కోకి దాంతి అంటే పడలేదు. మరుసటి ఏడాదే నగరం విడిచి పొమ్మన్నాడు. దాంతి బొలోన్యాకి పోయాడు, ఆ తర్వాత రోములో పోపు గ్రెగరీ క్యాలెండర్ సంస్కరణలో పాలుపంచుకున్నాడు. ఫ్లోరెన్స్ ఖర్చుతో మొదలైన పని ఘనత రోముకు పోయింది. ఆ పరికరాలు మాత్రం ఇప్పటికీ ఆ చర్చి గోడ మీదే ఉన్నాయి. వెళ్లినవాళ్లు తల ఎత్తితే కనిపిస్తాయి.

ఇదే కథ డెన్మార్క్‌లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. రెండో ఫ్రెడరిక్ రాజు 1576లో టైకో బ్రాహీ అనే ఖగోళశాస్త్రవేత్తకు వెన్ అనే ద్వీపాన్నే రాసిచ్చాడు. అక్కడ ఆయన ఆకాశాన్ని గమనించడానికి వేధశాల కట్టాడు. దుర్భిణి రాకముందు యూరప్‌లో అంతటిది మరొకటి లేదు. 1588లో రాజు పోయాడు. కొత్త రాజు ఖర్చులు తగ్గించాడు. 1597లో టైకో సామాన్లు కట్టుకుని దేశం వదిలాడు. పోషకుడి ఆయుష్షే పరిశోధన ఆయుష్షు.

ఇక గెలీలియో దగ్గరికి వద్దాం.

1592 నుంచి ఆయన పాదువా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పేవాడు. అది వెనిస్ గణతంత్రంలో ఉండేది. పేరున్నవాడే గానీ చేతిలో డబ్బు ఆడేది కాదు. చెల్లెళ్ల కట్నాల బాకీలు మెడ మీద ఉండేవి. ఇంట్లో విద్యార్థులను పెట్టుకుని భోజనం, బస ఇచ్చి డబ్బు తీసుకునేవాడు. ప్రైవేటు పాఠాలు చెప్పేవాడు. లెక్కలు కట్టడానికి, ఫిరంగుల గురి చూడటానికి పనికొచ్చే ఒక కొలతపరికరాన్ని తయారుచేయించి అమ్మేవాడు. దానికోసం మార్కాంటోనియో మజ్జోలేనీ అనే పనివాణ్ణి కుటుంబంతో సహా ఇంట్లోనే పెట్టుకున్నాడు. మ్యూజియంలో ఆ కొలతపరికరం ఉంది. మజ్జోలేనీ పేరు తెలిసినవాళ్లు తక్కువ.

1609 నవంబరులో తనకు వచ్చిన ఒక ఉత్తరం వెనకవైపు గెలీలియో రాసుకున్న సరుకుల చీటీ దొరికింది. నాకు ఆ చీటీ అంటే చాలా ఇష్టం. ఫిరంగి గుండ్లు, ఆర్గాన్ వాద్యపు తగరం గొట్టం, నునుపు చేసిన జర్మన్ గాజు. ఇవన్నీ లెన్సులు అరగదీసుకోవడానికి. అదే చీటీలో బియ్యం, శనగలు, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, కొడుక్కి చెప్పులు, టోపీ. ఆకాశాన్ని మార్చబోతున్న మనిషి ఇంటి ఖర్చూ, ప్రయోగశాల ఖర్చూ ఒకే కాగితం మీద ఉన్నాయి. పోషకుడు ఎందుకు కావలసి వచ్చాడో ఆ కాగితం చూస్తే ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

దుర్భిణిని గెలీలియో కనిపెట్టలేదు, అది హాలెండు నుంచి వచ్చింది. కానీ దాని వార్త విని సొంతంగా చేసుకున్నాడు, త్వరత్వరగా మెరుగుపరిచాడు. 1609 ఆగస్టులో వెనిస్ పెద్దలను సాన్ మార్కో గంటగోపురం ఎక్కించి, దూరాన వస్తున్న ఓడలను చూపించాడు. ఓడలు, యుద్ధాలే బతుకైన వెనిస్‌కు ఆ పరికరం విలువ వెంటనే అర్థమైంది. ఏడాదికి 1000 ఫ్లోరిన్ల జీతం, జీవితాంతం ఉద్యోగం ఇస్తామన్నారు. అంటే జీతం దాదాపు రెట్టింపయింది. మరి ఆయన అక్కడే ఎందుకు ఉండిపోలేదు?

దీనికి జవాబు ఆయన ఉత్తరాల్లోనే ఉంది. ఆయనకు కావలసింది తీరిక. పాఠాల గోల లేకుండా పుస్తకాలు రాసుకోవాలి. గణతంత్రం జీతం ఇస్తే ప్రజలకు పని చేసిపెట్టాలి, అది న్యాయమే. పని చెప్పకుండా డబ్బివ్వగలిగినవాడు ఒక్క ప్రభువే అని ఆయన తేల్చుకున్నాడు. ఆ ప్రభువు కూడా చేతికందే దూరంలో ఉన్నాడు. మెడిచీల పిల్లవాడు రెండో కొసిమోకి 1605 నుంచి వేసవి సెలవుల్లో లెక్కలు చెప్పింది గెలీలియోనే. 1609లో ఆ కుర్రవాడు గ్రాండ్ డ్యూక్ అయ్యాడు. గద్దె ఎక్కేనాటికి పద్దెనిమిదేళ్లు.

1610 జనవరి 7 రాత్రి గురుడి పక్కన మూడు చిన్న చుక్కలు కనిపించాయి. 13వ తేదీకి నాలుగు తేలాయి. అవి గురుణ్ణి వదలడం లేదు, దాని చుట్టూ తిరుగుతున్నాయి. భూమి చుట్టూ తిరగనివి ఆకాశంలో ఉన్నాయని మొదటిసారి కంటికి కనిపించింది. ఒక్కసారి సంతూచి గోళాన్ని గుర్తు చేసుకోండి. మెడిచీలు అంత ఖర్చుపెట్టి చేయించుకున్న విశ్వానికి బీట పడింది. ఆ బీటను గెలీలియో తీసుకెళ్లి ఆ మెడిచీలకే కానుకగా ఇచ్చాడు.

ఎలా ఇచ్చాడో మన తెలుగువాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. మన సాహిత్యంలో కృతిని కన్య అన్నారు, అంకితం పుచ్చుకున్నవాణ్ణి కృతిభర్త అన్నారు. కావ్యం మొదట్లో కృతిభర్త వంశాన్ని, దాతృత్వాన్ని వర్ణించడం రివాజు. కృతిభర్త రాజే కానక్కర్లేదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టి అనే సుగంధద్రవ్యాల వర్తకుడికి అంకితమిచ్చాడు. కవికి బతుకు దొరికేది, వర్తకుడికి కావ్యం ఉన్నంతకాలం పేరు దొరికేది. గెలీలియో చేసింది అచ్చంగా ఇదే. కాకపోతే పుస్తకాన్ని ఒక్కదాన్నే అంకితమివ్వలేదు, నాలుగు గోళాలను కూడా కలిపి ఇచ్చాడు.

పేరు పెట్టే వ్యవహారం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫిబ్రవరిలో ఆయన ఆస్థాన కార్యదర్శి బెలిసారియో వింటాకి ఉత్తరం రాశాడు. ఈ చుక్కలకు కొసిమో ఒక్కడి పేరు పెట్టమంటారా, నలుగురు అన్నదమ్ములు ఉన్నారు కాబట్టి ఇంటిపేరు పెట్టమంటారా అని. ఇంటిపేరే మంచిదని వింటా జవాబిచ్చాడు. ఆ చుక్కల సంగతి చెప్పే పుస్తకం మొదటి పేజీలు అప్పటికే వెనిస్‌లో కొసిమో పేరుతో అచ్చయిపోయాయి. మరేం చేస్తారు, ఆ మాట మీద మెడిచీ అని అచ్చువేసిన చిన్న కాగితపు ముక్క అతికించారు. పుస్తకం పేరు సిడెరియస్ నన్సియస్, అంటే నక్షత్రాల దూత. మార్చి నెలలో దాదాపు 550 ప్రతులు వచ్చాయి. అతుకు పడిన ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజుల్లో ఆయన పడిన హడావుడి, టెన్షన్ ఆ అతుకులో కనిపిస్తాయి. వేరే ఎవరైనా ముందే ఈ చుక్కలను చూసి అచ్చు వేస్తారేమోనని భయం ఒకవైపు, ప్రభువుకు పేరు నచ్చాలన్న ఆదుర్దా మరొకవైపు.

అంకితవాక్యంలో కొసిమో జాతకం కూడా ఉంది. ప్రభువు పుట్టిన వేళకు గురుడు నడిమింట ఉన్నాడని, ఆ గురుడి సుగుణాలన్నీ ఆయనకు అబ్బాయని రాశాడు. కొత్త విశ్వానికి తలుపు తెరిచిన పుస్తకం జాతకంతో మొదలైంది. దీన్ని పట్టుకుని గెలీలియోను భట్రాజు అన్నవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ పొగడ్త ఉన్నది మొదటి పేజీల్లోనే. లోపల చంద్రుడి మీది కొండల ఎత్తులు, గురుడి చుట్టూ చుక్కలు రాత్రిరాత్రికీ ఎలా జరిగాయో బొమ్మలు, తేదీలు, గంటలు ఉన్నాయి. ఆ లెక్కల్లో ఒక్క అంకె కూడా ప్రభువు కోసం మారలేదు. అంకితం ప్రభువుది, లెక్క ఆకాశానిది. ఆ హద్దు చెరగనంతవరకూ పోషకుణ్ణి పొగిడినందుకు శాస్త్రవేత్తను తప్పుపట్టను.

ఫలితం వెంటనే వచ్చింది. 1610 జులైలో కొసిమో ఆయన్ని తన ప్రధాన గణితజ్ఞుడిగా, తత్త్వవేత్తగా నియమించాడు. ఏడాదికి 1000 స్కూడీల జీతం. పీసా విశ్వవిద్యాలయంలో కూడా పెద్ద పదవి, పాఠం చెప్పనక్కర్లేదు. తత్త్వవేత్త అన్న బిరుదు గెలీలియో పట్టుబట్టి అడిగి తీసుకున్నాడు. ఆ రోజుల్లో గణితం చెప్పేవాడు లెక్కలు కట్టాలి అంతే, ప్రపంచం నిజంగా ఎలా ఉందో చెప్పే హక్కు తత్త్వవేత్తలది. ఆ హక్కు ఆయనకు విశ్వవిద్యాలయం నుంచి రాలేదు, ప్రభువు నుంచి వచ్చింది.

ప్రభువు మరో పని కూడా చేశాడు. ఈ చుక్కలు ఉన్నాయని నమ్మాలంటే మంచి దుర్భిణి ఉండాలి. గెలీలియో చేసినంత మంచివి అప్పుడు ఇంకెక్కడా దొరికేవి కావు. అందుకని మెడిచీ రాయబారుల ద్వారా దుర్భిణులు యూరప్ రాజధానులకు వెళ్లాయి. వెళ్లినవి పండితులకు కాదు, ప్రభువులకు. ప్రాగ్‌లో చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడు కెప్లర్ అప్పటికే గెలీలియోను సమర్థిస్తూ రాశాడు. ఆయనకు ఒక్క దుర్భిణి కూడా పంపలేదు. చివరికి కొలోన్ ప్రభువుకు అందిన దుర్భిణిని కొన్ని రోజులకు అరువు అడిగి తీసుకుని కెప్లర్ గురుడి చందమామలను చూశాడు. ఆ కాలపు ఖగోళంలో అంతటి బుద్ధి ఉన్నవాడు, ఒక ప్రభువుకు ఆటబొమ్మగా వచ్చిన వస్తువును చేబదులు అడగాల్సి వచ్చింది. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ధనికుల చేతుల మీదుగా నడిచే జ్ఞానం ఎవరికి ముందు చేరుతుందో, ఎవరు ఆగాల్సి వస్తుందో ఇందులో ఉంది.

ఈ వార్త విన్న ఫ్రాన్స్ రాజసభ నుంచి కూడా ఒక ఉత్తరం వచ్చింది. ఇంకేమైనా కొత్త చుక్క దొరికితే మా నాలుగో హెన్రీ రాజు పేరు పెట్టండి అని. కొద్దివారాలకే, 1610 మే నెలలో, ఆ రాజు హత్యకు గురయ్యాడు. ఆయనకు చుక్క దొరకలేదు.

ఇప్పుడు పోషణకు రెండోవైపు చూద్దాం.

గెలీలియో వెనిస్ వదిలాక స్నేహితుడు సగ్రేదో 1611లో ఆయనకో ఉత్తరం రాశాడు. వెనిస్‌లో ఉన్న స్వేచ్ఛ నీకు ఇంకెక్కడ దొరుకుతుంది, ప్రభువుల మనసు ఎప్పుడెలా తిరుగుతుందో ఎవరికి తెలుసు అని. వెనిస్ 1606లో పోపునే ఎదిరించిన రాజ్యం. ఫ్లోరెన్స్ అలా కాదు, రోము మాట కాదనలేదు. కొసిమో 1621లో ముప్పయ్యేళ్లకే చనిపోయాడు. కొడుకు రెండో ఫెర్డినాండోకి అప్పుడు పదేళ్లు.

1632లో గెలీలియో రెండు విశ్వవ్యవస్థల సంభాషణ గ్రంథం వచ్చింది. అంకితం ఈ ఫెర్డినాండోకే. అందులో సూర్యుణ్ణి మధ్యలో పెట్టే లెక్కను సమర్థించినందుకు 1633లో రోములో విచారణ జరిగింది. అప్పటికి గెలీలియోకి దాదాపు డెబ్బయ్యేళ్లు, జబ్బు మనిషి. టస్కనీ రాయబారి నికొలినీ ఇంట్లో బస. ప్రభువు మాటసాయం చేశాడు, తన పల్లకీ ఇచ్చి పంపాడు, ఇవన్నీ నిజమే. కానీ ఫ్లోరెన్స్ నుంచి రాయబారికి ఒక ఉత్తరం వచ్చింది. గెలీలియో తిండిఖర్చు మొదటి నెల వరకే ప్రభువు భరిస్తారు, ఆ పైన కాదు అని. నికొలినీ ఏమన్నాడో తెలుసా? అయితే మిగతా ఖర్చు నేనే పెట్టుకుంటాను అన్నాడు. మెడిచీ వంశం పేరు ఆకాశంలో రాసినవాడి అన్నం ఖర్చు ఒక ఉద్యోగి తన జేబులోంచి ఇచ్చాడు. నన్నడిగితే ఆ నికొలినీ పేరు ఆ మ్యూజియంలో పెద్ద అక్షరాలతో రాయాలి.

జూన్ 22న గెలీలియో మోకాళ్ల మీద కూర్చుని తన మాట వెనక్కు తీసుకున్నాడు. మిగతా జీవితం దాదాపు అంతా ఫ్లోరెన్స్ పక్కన ఆర్చేత్రిలో గృహనిర్బంధం. చివరి ఏళ్లలో చూపు పోయింది. 1642 జనవరి 8న కన్నుమూశాడు. శాంతా క్రోచే చర్చిలో మంచి సమాధి కట్టాలని ఫెర్డినాండో అనుకున్నాడు. పోపు వద్దన్నాడు. ప్రభువు ఊరుకున్నాడు. ఒక చిన్న పక్కగదిలో పాతిపెట్టారు. ఆఖరి శిష్యుడు వివియానీ తన ఆస్తిలోంచి గురువు సమాధికి డబ్బు విడిచిపెట్టి 1703లో పోయాడు. సమాధి లేచేసరికి 1737 వచ్చింది. అస్థికలు మార్చేటప్పుడు ఆన్టన్ ఫ్రాంచెస్కో గోరీ అనే ఆయన కుడిచేతి మధ్యవేలు తీసి దాచాడు. పిల్లలూ, ఇదిగో, గాజుపాత్రలో ఉన్నది ఆ వేలే. అదే ఏడాది జులైలో ఆఖరి మెడిచీ గ్రాండ్ డ్యూక్ చనిపోయాడు. వంశం గద్దె దిగిపోయింది.

ఆ నాలుగు చందమామలను ఇవాళ మెడిచీ పేరుతో ఎవరూ పిలవరు. అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో అంటాం. జర్మన్ ఖగోళవేత్త సైమన్ మారియస్ 1614లో అచ్చువేసిన పేర్లు అవి, సూచించింది కెప్లర్. దుర్భిణి దక్కని కెప్లర్ పేర్లు నిలిచాయి.

మెడిచీల దగ్గర ఒక గుణం మాత్రం నిజంగా మెచ్చుకోవాలి. వస్తువులను పోగొట్టుకోలేదు. ఆ పగిలిన లెన్సును, రెండు దుర్భిణులను, కొలతపరికరాలను జాగ్రత్త చేశారు. తర్వాత వచ్చిన లొరేన్ వంశం వాటిని అలాగే అందుకుంది. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఈ మ్యూజియం కింది గదులు మునిగాయి. అప్పటి డైరెక్టరు మరియా లూయిసా రిఘీనీ బొనెల్లీ ప్రాణానికి తెగించి విలువైన వస్తువులను కాపాడింది. దాచేవాళ్లు లేకపోతే పోషకుడి ఖర్చంతా బూడిదే.

ఈ మాట దగ్గర మన ఊళ్లకు వస్తాను. బలవంతాన తెస్తున్న సంబంధం కాదు, గురుడి చందమామలే మనల్ని కలుపుతాయి. ఆ చందమామలు గురుడి నీడలోకి పోయే వేళలు ముందే లెక్కకట్టవచ్చు. రెండు ఊళ్లలో ఆ గ్రహణాన్ని ఏ గంటకు చూశారో పోల్చితే ఆ ఊళ్ల రేఖాంశాల తేడా వస్తుంది. ఈ ఉపాయం గెలీలియోదే. మద్రాసు రేఖాంశాన్ని అక్కడి వేధశాల ఖగోళవేత్త గోల్డింగ్‌హామ్ తేల్చింది ఈ పద్ధతిలోనే. ఆ మద్రాసు వేధశాల కూడా 1786లో విలియం పెట్రీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి సొంత ఖర్చుతో మొదలైంది, 1792లో కంపెనీ భవనం కట్టింది. అక్కడ నిలబెట్టిన రాతిస్తంభం మీద, ఆసియాలో గణితశాస్త్రాలను బ్రిటిష్ ఔదార్యం మొదటిసారి నాటిందని వెయ్యేళ్ల తర్వాతి వాళ్లకు తెలియాలని చెక్కారు. ఆ రాతలు తెలుగులో కూడా ఉన్నాయి. ఆర్యభటుడు పుట్టిన నేల మీద గణితం మొదటిసారి నాటామని తెలుగులో చెక్కించారు. డబ్బు పెట్టినవాడు చరిత్రను కూడా తనే రాయాలనుకుంటాడు, ఫ్లోరెన్స్ అయినా మద్రాసు అయినా.

ఆ మద్రాసు వేధశాలలో ఖగోళవేత్త థామస్ టేలర్ దగ్గర నేర్చుకున్నవాడు మన విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావు. 1840లో విశాఖ డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టుకున్నాడు. కొసిమోకీ ఈయనకూ ఒక తేడా ఉంది. జగ్గారావు చూసేవాణ్ణి జీతానికి పెట్టుకోలేదు, దుర్భిణి దగ్గర తనే కూర్చున్నాడు. ఆయన 1856లో పోయాడు. ఫ్లోరెన్స్‌లో, డెన్మార్క్‌లో అయినట్టు ఇక్కడ కాలేదు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు, డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవాడు, వేధశాలను అందుకుని నడిపాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని విశాఖలో గమనించి నమోదు చేశాడు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ గ్రబ్ కంపెనీ దుర్భిణి తెప్పించి 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల మొదలుపెట్టాడు. దాని లెన్సు 15 అంగుళాలు, అంటే ఇందాక చూసిన పగిలిన లెన్సుకు పదింతలు. తన పేరు పెట్టుకోలేదు. నిజాం పేరు పెట్టడానికి అనుమతి కోరి నిజామియా అన్నాడు. తన తర్వాత ప్రభుత్వం నడపాలన్న ఆలోచన అందులో ఉంది, అది ఫలించింది. ఆయన 1907లో చనిపోతే మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం తీసుకుంది. తర్వాత బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకుని నక్షత్రాల పట్టిక తయారుచేస్తుంటే, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకూ ఉన్న ఆకాశపు పట్టీ హైదరాబాదు వంతు. టి.పి. భాస్కరన్ వంటివారు ఏళ్లతరబడి ఫొటో ప్లేట్లు కొలిచి లక్షల నక్షత్రాల స్థానాలు సంపుటాలుగా అచ్చువేశారు. పేరు పెట్టుకునే ఆశను పక్కనపెట్టి, పని తన తర్వాత బతికేలా ఏర్పాటు చేసిన పోషకుడు జఫర్ జంగ్. నా దృష్టిలో ఆ విషయంలో ఆయన మెడిచీల కన్నా ఒక మెట్టు పైన.

ఫ్లోరెన్స్‌లో లెన్సుకు దంతపు చట్రం ఉంది. జగ్గారావు, నరసింగరావు, జఫర్ జంగ్, భాస్కరన్‌ల పనిని వరసగా చూపించే గది ఒకటి విశాఖలోనో హైదరాబాదులోనో కావాలి. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పరిశీలనల నోటుపుస్తకాలు, లండన్‌కు పంపిన నివేదికల ప్రతులు, నక్షత్రపట్టికల సంపుటాలు, ఫొటో ప్లేట్లు కొన్ని, మద్రాసు స్తంభం మీది తెలుగు శాసనం ముద్ర ఒకటి. వీటితో పాటు పరికరాలు తుడిచినవాళ్ల, లెక్కలు కట్టినవాళ్ల పేర్లు జీతాల పట్టీల్లో దొరికినంతవరకూ గోడ మీద రాయాలి. అందుకని మీలో ఉత్తరాంధ్ర పాత కుటుంబాలతో, వేధశాలలో పనిచేసినవారి ఇళ్లతో పరిచయం ఉన్నవాళ్లను ఒకటే అడుగుతున్నాను. అటకమీద ఉన్న జమాఖర్చు పుస్తకాలు, ఉత్తరాలు, ఇత్తడి సామాను పాతసామాన్లవాడికి ఇచ్చేముందు ఒక్కసారి విప్పి చూడండి. అంకెలు, తేదీలు, నక్షత్రాల పేర్లు కనిపిస్తే ఫొటో తీసి దగ్గరలోని విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖకో రాష్ట్ర ఆర్కైవ్స్‌కో చూపించండి. సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, అలాంటివి మీ దగ్గర ఉన్నట్టు గుర్తొస్తే వచ్చి చెప్పండి. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం, ముందు పిల్లలవి.